పలకకూడని పేరు

మొన్న శనివారం సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడిలో అర్చన చేయించడానికి నిలబడ్డాం. పూజారిగారు అడిగితే గోత్రం చెప్పి, మా వారి పేరు చెప్పి, నా పేరు చెప్పి, మా అమ్మాయి పేరు దగ్గరికి వచ్చేసరికి నా నోరు టక్కున ఆగిపోయింది. ముసలామె, మతిమరుపు పాపం అనుకున్నారేమో, ఆయన పళ్ళెం పట్టుకుని ఓపిగ్గా చూస్తున్నారు. వెనకాల వరస పెరిగిపోతోంది. మా అమ్మాయి నా భుజం మీదుగా వంగి "సూజీ అండీ" అని చెప్పేసింది. ఇలాంటివి రోజూ వినే మనిషి కాబట్టి ఆయన రెప్ప కూడా వాల్చకుండా ఆ సూజీని సంస్కృతంలో కలిపేసి స్వామివారికి విన్నవించేశారు. పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు, మా అమ్మాయీ నవ్వింది. నేను మాత్రం తీర్థం పుచ్చుకుని కారు దాకా వచ్చి ముందు సీట్లో కూలబడ్డాను. "మమ్మీ, ఆర్ యూ ఓకే? కళ్ళు తిరిగాయా?" అని అది నీళ్ళ సీసా చేతిలో పెడితే, అవునే, ఎండ, అని అబద్ధమాడాను. ఎండా లేదు, పాడూ లేదు. ముప్పై ఏళ్ళుగా నాలో నేను దాచుకున్న సంగతి ఒకటి ఆ పేరుకి అడ్డం పడింది.

దీన్ని చదివేవాళ్ళలో చాలామంది నా ఈడువాళ్ళే అయుంటారు. నాలాగే రెండు సూట్‌కేసులూ, ఒక ఆవకాయ సీసా, బోలెడు గుబులూ మోసుకుని ఈ దేశంలో దిగినవాళ్ళే కనుక మీ దగ్గర నాకు సిగ్గు తక్కువ. అప్పట్లో మేం సిడ్నీలో బ్లాక్‌టౌన్ అవతల ఒక పాత ఇటుకల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ఇప్పుడు మెట్రో రైలూ పెద్ద షాపింగ్ సెంటరూ ధగధగలాడుతున్న రౌస్ హిల్ ఆ రోజుల్లో గుర్రాలు మేసే బీడు. ఆదివారం పూట అటు పోయి, కంచె పక్కన కారు ఆపుకుని పులిహోర తిని తిరిగొచ్చేవాళ్ళం, అదే మా విహారయాత్ర. ఎవరింట్లోనైనా కరివేపాకు మొక్క బతికిందని తెలిస్తే పుట్టినబిడ్డని చూడబోయినట్టు వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. ఈ మాట ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు, వాళ్ళకి కరివేపాకు కాలనీలో ప్రతి పెరట్లోనూ కనిపిస్తుంది.

మా వారు కంప్యూటర్ల మనిషి, ఆయనకి దిగిన నెలలోనే ఉద్యోగం దొరికింది. తెనాలిలో లెక్కల టీచరుగా పదో తరగతి పిల్లల్ని గడగడలాడించిన నేను మాత్రం ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఉలుకూ లేదు పలుకూ లేదు. మాకంటే ముందొచ్చి ముదిరిపోయిన మా వారి స్నేహితుడొకాయన ఒకరోజు కాఫీ తాగుతూ, "లక్ష్మి అంటే వీళ్ళకి నోరు తిరగదండీ, లూసీ అని పెట్టి చూడండి, తమాషా" అన్నాడు. పెట్టాను. వారం తిరక్కుండా ఒక గిడ్డంగి ఆఫీసు నుంచి పొద్దుటిపూట పనికి రమ్మని ఫోనొచ్చింది. అదే మనిషిని, అదే చదువు, అదే యాస, మారింది పేరొక్కటే. అంతటితో నాకు గొప్ప బ్రహ్మరహస్యం తెలిసిపోయినట్టయింది. ఈ దేశంలో గుమ్మం దాటాలంటే పేరుని చెప్పులతో పాటు బయట విడిచి రావాలని నేను నిశ్చయానికి వచ్చేశాను. నేనొకసారి నిశ్చయానికొస్తే బ్రహ్మదేవుడు దిగొచ్చినా వినేదాన్ని కాదు, ఆ సంగతి మా వారిని అడిగితే ఇప్పటికీ చెబుతారు.

మా అమ్మాయికి అప్పుడు ఐదో ఏడు వస్తోంది. దాని పేరు వెంకట సుబ్బలక్ష్మి. అది మా అత్తగారి పేరు. బారసాల నాడు నేను నీరసంతో గోడకి జేరబడి కూర్చుని ఉంటే, పళ్ళెంలో బియ్యం పోసి మా వారి చేత ఆ పేరు రాయించేశారు. నాకు నచ్చిన పేరొకటి తొమ్మిది నెలలు మనసులో మోశాను, అదేమిటని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. పైగా అత్తగారి పేరున్న పిల్లని ఆ పేరుతో తిట్టకూడదని మా వైపు ఒక ఆచారం, తిడితే ఆవిడను తిట్టినట్టేనట. అందుకని కోపమొచ్చినప్పుడు ఒసే అనో, పిల్లా అనో సరిపెట్టుకునేదాన్ని. ఇంట్లో అందరికీ అది సుబ్బులు. మా అత్తగారైతే ఆ పేరు చివర దీర్ఘం తీసి, వీధిలోంచి వస్తూనే "సుబ్బులూ" అని పాడినట్టు పిలిచేది. ఆ పిలుపు వినబడగానే ఇది ఏ మూలనున్నా లేడిపిల్లలా పరుగెత్తేది. నేను పిలిస్తే అంత పరుగు లేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండేది.

జనవరి ఆఖరున బడి తెరుస్తారనగా, కొత్త పిల్లలకి బడి చూపించే రోజు ఒకటి పెట్టారు. అక్కడ ఆడుకుంటూ ఇది దూరంగా పోతే నేను అలవాటు కొద్దీ సుబ్బులూ అని గట్టిగా కేకేశాను. ఇసుకలో ఆడుకుంటున్న ముగ్గురు పిల్లలు ఆ మాట పట్టుకుని బ్లూ, బ్లూ అంటూ గెంతారు. పిల్లలన్నాక గెంతుతారు, మరో నిమిషానికి మరచిపోతారు కూడా. మా అమ్మాయి సైతం వాళ్ళతో కలిసి గెంతింది. అవమానం జరిగింది నాకు. ఆ సాయంత్రమే మా వారికి చెప్పేశాను, రేపటినుంచి ఇది సూజీ అని. ఆయన కాసేపు నసిగారు, అమ్మకి తెలిస్తే బాధపడుతుందేమోనే అన్నారు. అమ్మకి ఎవరు చెబుతారు, బడిలో ఒకటి ఇంట్లో ఒకటి అయితే పిల్ల రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది అన్నాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు, నేను దాన్ని ఒప్పుదల అనుకున్నాను.

కానీ ఐదేళ్ళ పిల్ల చెవికి అలవాటైన పేరు ఒక్కరోజులో పోతుందా? సూజీ అంటే పలికేది కాదు, పైగా ఎవర్ని పిలుస్తున్నానా అని అటూ ఇటూ చూసేది. నేను టీచర్ని కదా, ఎక్కాలు ఎలా ఎక్కిస్తామో నాకు తెలుసు. రోజూ మధ్యాహ్నం దాన్ని పెరట్లో బట్టలారేసే తీగ నీడన బొమ్మల ముందు కూర్చోబెట్టి, వీపు నావైపు తిప్పించి, అది ఆటలో పడేదాకా ఆగి, సూజీ అని పిలిచేదాన్ని. పలికితే ఒక చాక్లెట్ ముక్క. మళ్ళీ కాసేపయ్యాక, సుబ్బులూ అని పిలిచేదాన్ని. తిరిగిందా, తొడపాశం. అత్తగారి పేరుతో నేను తిట్టలేదు సుమండీ, ఆచారం తప్పలేదు. తీయగా పిలిచి తొడపాశం పెట్టాను. దాని తొడ మీద చర్మం కమిలిపోయి, స్నానం చేయించేటప్పుడు నీళ్ళు తగిలితే కాలు వెనక్కి లాక్కునేది. కొబ్బరినూనె రాసేదాన్ని. మర్నాడు మళ్ళీ మొదలు.

మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య నడుమెత్తు చెక్క కంచె ఉండేది. ఆ ఇంట్లో ఒక హాలండు ముసలావిడ ఉండేది. యుద్ధం అయిపోయాక మొగుడితో ఓడెక్కి వచ్చిందట. మొగుడు పోయాడు, కొడుకు దేశానికి ఉత్తరపు కొసనున్న డార్విన్ ఊళ్ళో ఆసుపత్రిలో పని చేసేవాడు. డెబ్బై దాటినా నిటారుగా నడిచేది, ఒక్క నవ్వు నవ్వాలన్నా ఆలోచించేది. మా అమ్మాయి ఒక్కదానికి మాత్రం కంచె మీంచి దాల్చినచెక్క వాసనొచ్చే బిస్కెట్లు ఇచ్చేది. ఆవిడ మనవలు పిలిచినట్టే ఇదీ ఆవిడను ఓమా అనేది, అంటే వాళ్ళ భాషలో నానమ్మో అమ్మమ్మో. నాకూ ఆవిడకీ వాతావరణం గురించి రెండు ముక్కలు తప్ప మాటల్లేవు. ఒకరోజు నేను సుబ్బులూ అని పిలవడం, ఇది తిరగడం, నేను లేచి వెళ్ళి తొడపాశం పెట్టడం అయ్యాక తలెత్తి చూస్తే, ఆవిడ కంచె అవతల తడిదుప్పటి చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. దుప్పటి కొస మట్టిలో ఈడుస్తోంది, ఆవిడకా ధ్యాస లేదు. మరో పది నిమిషాలకి మా వీధి తలుపు కొట్టింది. అన్నాళ్ళలో ఆవిడ మా గుమ్మం తొక్కడం అదే మొదలు.

టీ ఇస్తానంటే వద్దంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నేనేం చేస్తున్నానో తనకి తెలుసని, ఎందుకంటే తనూ అదే పని చేసిందని చెప్పింది. ఆవిడ చెప్పింది ఇంగ్లీషులో, ముక్కలు ముక్కలుగా. నేను నా మాటల్లో రాస్తున్నాను.

ఆవిడకి పంతొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ దేశం జర్మన్ నాజీల చేతిలో ఉంది. యూదులందరి పేర్లూ రాసుకుని, బట్టల మీద పసుప్పచ్చ నక్షత్రం కుట్టించి, వీధివీధికీ వెళ్ళి ఇంటిల్లిపాదినీ పట్టుకుని రైళ్ళెక్కించేవాళ్ళు. ఎక్కడికి పంపుతున్నారో అందరికీ తెలియకపోయినా, వెళ్ళినవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం ముక్క రాలేదని మాత్రం అందరికీ తెలుసు. రైలు వచ్చేదాకా పెద్దవాళ్ళని ఒకచోట, పసిపిల్లల్ని మరోచోట ఉంచేవాళ్ళు. ఆ పిల్లలున్న చోట ఈవిడ ఆయా పని నేర్చుకుంటూ ఉండేది. తల్లిదండ్రులు గుండె రాయి చేసుకుని సరేనంటే, కొందరు పిల్లల్ని మాసిన బట్టల బుట్టల్లో దాచి బయటికి తెచ్చేవాళ్ళు. తర్వాత రైల్లో ఉత్తరాన పల్లెలకి తీసుకెళ్ళి, బాంబులు పడిన ఊళ్ళో అనాథలైన పిల్లలని చెప్పి రైతుల ఇళ్ళల్లో పెట్టేవాళ్ళు. పట్టుబడితే పిల్లతో పాటు తీసుకెళ్ళే మనిషికీ చావే, అన్నం పెట్టిన ఇంటికీ చావే.

బుట్టలో పెట్టి తీసుకురావడం కష్టం కాదంది ఆవిడ. బుట్టలో పిల్లలు నిద్రపోతారు. కష్టమంతా పేరు దగ్గర. పోలీసులకీ ఈ రహస్యం తెలుసు. స్టేషన్లో నవ్వుముఖంతో తిరుగుతూ, చేతిలో మిఠాయి పట్టుకుని, యూదుల ఇళ్ళల్లో పెట్టుకునే పేర్లు ఒక్కొక్కటీ మెల్లగా, ముద్దుగా పిలిచేవాళ్ళట. ఏ పిల్ల తల తిప్పితే ఆ పిల్ల దొరికింది. అందుకని ఈవిడ తన పిన్నిగారి రొట్టెల దుకాణం వెనక గదిలో ఒక్కో పిల్లనీ వారం రోజులు పెట్టుకుని పాత పేరు మరిపించేది. మొదట కొత్త పేరు వల్లె వేయించడం, పిల్లలు ఆటలో పడ్డాక వెనకనుంచి పాత పేరుతో పిలవడం. కసిరి కాదు, వాళ్ళమ్మ ఎలా పిలుస్తుందో కనుక్కుని అచ్చం ఆ గొంతుతో పిలవడం. తిరిగితే చెంప మీద ఒకటి. అలా పదకొండు మందికి నేర్పానంది. కొట్టిన చెయ్యి బల్ల మీద పెట్టి, అది వేరే ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

పదకొండో పిల్లది మీ పిల్ల ఈడే అంది. ఎంతకీ మరిచిపోయేది కాదట. అమ్మ పిలుపు వినబడితే చాలు, చెంప వాచి ఉన్నా సరే, ముఖమంతా నవ్వుతో గిర్రున తిరిగేది. మూడు రోజులు, నాలుగు రోజులు, ఐదు రోజులు. పిన్నిగారు ఇక చూడలేక చర్చికి పోయి కూర్చునేదట. ఏడో రోజున పిలిస్తే పిల్ల తిరగలేదు. మళ్ళీ పిలిచింది, తిరగలేదు. ఈవిడ ఆనందంతో ఆ పిల్లని ఎత్తుకుని గదంతా తిప్పింది. మర్నాడే ప్రయాణం.

స్టేషన్లో వీళ్ళ రైలు కోసం నిలబడి ఉంటే, పట్టాల అవతల ఇంకో రైలుకి జనాన్ని తోలుకొస్తున్నారు. మూటలు, ముసలివాళ్ళు, అరుపులు. ఆ గుంపులో పిల్ల తల్లి ఉంది. బిడ్డని తన చేతులతో తనే అప్పగించిన తల్లి, నోరు మెదిపితే ఏమవుతుందో తెలిసిన తల్లి. అయినా ఎదురుగా బిడ్డ వీపు కనబడేసరికి, ఆలోచన కంటే ముందు నోరు తెరుచుకుంది. పేరు పెట్టి పిలిచింది. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ పోలీసు వెంటనే అవతలికి చూడలేదు, ఇవతల ఏ పిల్ల తిరుగుతుందా అని చూశాడు. తల్లి తన నోరు తనే మూసుకుంది. ఈవిడ చేతిలో ఉన్న పిల్ల చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది, అంతే. పిల్ల తిరగలేదు. ఎదురుగా గోడ మీదున్న గడియారం వైపు అలాగే చూస్తూ నిలబడింది. అవతలి రైలు వెళ్ళిపోయింది. ఆ తల్లి ఇక తిరిగి రాలేదు.

వీళ్ళ రైలు ఊరు దాటి, పొలాల్లో పడి, పెట్టెలో ఎవరూ లేకుండా పోయాక, ఆ పిల్ల ఈవిడ చెవి దగ్గర నోరు పెట్టి "ఇప్పుడు తిరగొచ్చా?" అని అడిగిందట.

అంతవరకూ చెప్పి ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది. మీరు నన్ను ఏమనుకున్నా సరే, ఉన్నది రాస్తున్నాను, నా కంట్లో నీటిచుక్క రాలేదు. ఈవిడెవరు నాకు చెప్పడానికి అన్న పౌరుషమే ముందొచ్చింది. చెంపలు వాయించిన మనిషి వచ్చి తొడపాశానికి నన్ను నిలదీస్తుందా అనుకున్నాను. గుక్క తిప్పుకోకుండా "మరి ఆ పిల్ల బతికిందిగా?" అని అడిగాను. "బతికింది," అంది ఆవిడ. "యుద్ధమయ్యాక చూడ్డానికి వెళ్తే నన్ను చూసి బల్ల కింద దూరింది. నేను ఆ పేరుతో పిలిస్తే చెంపకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నీకు చెప్పాలనిపించింది, చెప్పాను." లేచి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.

ఆ కథలోంచి నేనేం నేర్చుకున్నానో తెలుసా? పద్ధతి నేర్చుకున్నాను. పిల్లకి అలవాటైన గొంతుతోనే పిలవాలన్న కిటుకు నాకు అంతదాకా తట్టలేదు. మర్నాటినుంచి నా గొంతుతో పిలవడం మానేసి, మా అత్తగారి దీర్ఘం తీసి, ఆవిడ పాడినట్టే పాడి పిలవడం మొదలుపెట్టాను. పిల్ల మొదటిరోజు పరుగెత్తుకుంటూ వచ్చింది, నానమ్మ వచ్చిందేమోనని గుమ్మం దాకా పోయి చూసి, తిరిగొచ్చి నా ముందు నిలబడింది. ఆ రోజు పెట్టిన తొడపాశానికి రక్తం వచ్చింది. ఐదో రోజుకల్లా ఆ పిలుపుకి దాని వీపులో కదలిక కూడా లేదు. నాకు కలిగిన గర్వం చెప్పనలవి కాదు. ఆ సాయంత్రం సేమ్యా పాయసం చేశాను. ఇక పక్కింటావిడ బట్టలారేసే వేళకి నేను పెరట్లోకి వెళ్ళడం మానుకున్నాను.

బడి తెరిచారు. సూజీ బుట్టబొమ్మలా నీలంరంగు గౌను వేసుకుని వెళ్ళింది, స్నేహితులు దొరికారు, పుట్టినరోజు పిలుపులు వచ్చాయి. అన్నీ నేననుకున్నట్టే జరిగాయి. ఇలా రెండు నెలలు.

ఒక ఆదివారం మా వారు బజారుకి వెళ్ళారు, నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను, హాల్లో ఫోను మోగింది. అప్పట్లో మా అత్తగారి ఇంట్లో ఫోను లేదు. మాతో మాట్లాడాలంటే ఊళ్ళో ఎస్టీడీ బూత్ దాకా రావాలి, లైను దొరికేదాకా బల్ల మీద కూర్చోవాలి. అందుకని మేమే పండక్కో పబ్బానికో ఆవిడ పక్కింటివాళ్ళకి ఫోను చేసి పిలిపించి మాట్లాడేవాళ్ళం. ఫోను మా అమ్మాయి ఎత్తింది. హలో అంది. కాసేపు విన్నది. తర్వాత, నేను నేర్పిన ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా, "సారీ. నో సుబ్బులు హియర్. రాంగ్ నంబర్" అని చెప్పి పెట్టేసింది.

నేను విన్నాను. ప్రపంచం మొత్తమ్మీద ఆ పేరు కోసం ఫోను చేసే మనిషి ఒక్కతే ఉందని నాకు తెలుసు. బియ్యం నీళ్ళల్లో చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాను, అప్పుడు నాకు కలిగింది సంతోషం. పిల్ల పాసైంది అనుకున్నాను. ఇంతలో అది వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, "మమ్మీ, నానమ్మే. సుబ్బులూ అంది. అయినా నేను పలకలేదు" అని, చాక్లెట్ కోసం అరచెయ్యి చాపింది.

డబ్బా తీసి చాక్లెట్ ఇచ్చాను.

ఆ తర్వాత ఫోను మళ్ళీ మోగుతుందని చూశాను, మోగలేదు. మా మరిది రాసిన ఉత్తరంలో తర్వాత తెలిసింది, ఆవిడ నంబరు తప్పు పడిందనుకుని మళ్ళీ కలపమందట, ఎంతసేపటికీ లైను దొరకలేదట. మర్నాడు గుంటూరులో ఆపరేషన్ ఉంది, ఆ సంగతి మాకు చెప్పొద్దని, పరాయి దేశంలో బెంగపెట్టుకుంటారని, మనవరాలితో రెండు మాటలు మాట్లాడి వెళ్తానని వచ్చిందట. ఇది తర్వాత తెలిసిన సంగతి కాబట్టి నా తప్పు లేదని మీలో కొందరైనా అంటారు. కానీ ఆ పూటే నేను ఆవిడ పక్కింటివాళ్ళ నంబరుకి ఫోను చేసి పిలిపించి ఉండొచ్చు. నంబరు గోడ మీదే రాసి ఉంది. చేస్తే ఆవిడ నేనిందాక చేశాను, ఎవరో ఇంగ్లీషు పిల్ల ఎత్తింది అంటుంది, మా వారికి అంతా తెలిసిపోతుంది. ఎందుకొచ్చిన గొడవ, వచ్చే వారం చేద్దాంలే అనుకుని అన్నం వండాను. నాలుగో రోజున కబురొచ్చింది, ఆపరేషన్ తర్వాత మా అత్తగారు కళ్ళు తెరవలేదని.

మా వారికి వెంటనే టికెట్టు దొరకలేదు. ఆయన వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. విమానాశ్రయానికి వెళ్తూ కార్లో, "అమ్మ ఒక్కసారి ఫోను చేసుంటే ఎంత బాగుండేదే" అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇన్నేళ్ళలో ఆయనకి ఈ సంగతి చెప్పలేదు. ఇది చదివితే ఇవాళ తెలుస్తుంది.

పక్కింటావిడ ఆ శీతాకాలంలో ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి డార్విన్ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు కంచె దగ్గర నిలబెట్టి అంతా చెప్పేశాను, ఎవరో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఓదారుస్తుందని నాకు ఆశ లేకపోలేదు. ఆవిడ ఓదార్చలేదు, ఛీ అని కూడా అనలేదు. పిల్లతో ఎప్పుడైనా దాని గురించి మాట్లాడావా అని అడిగింది. లేదన్నాను. నేనూ మాట్లాడలేదు అంది. అంతే మా చివరి మాట.

ఆ తర్వాత నేను మా అమ్మాయిని పాత పేరుతో పిలవలేకపోయాను, కొత్త పేరు కూడా నా నోటికి రాలేదు. అమ్మలూ అంటాను, తల్లీ అంటాను, బంగారం అంటాను, ఏమే అంటాను. తెలుగులో ఈ సుఖం ఒకటుంది, కన్నబిడ్డని ముప్పై ఏళ్ళు పేరు పెట్టకుండా పిలిచినా ఎవరికీ అనుమానం రాదు, పైగా ఎంత ముద్దో అనుకుంటారు. దానికి ఆ ఎండలూ, ఆ పెరడూ ఏమీ గుర్తులేవట. అంతకు మించి అడిగే ధైర్యం నాకు లేదు. కాకపోతే పాస్‌పోర్టు మీది పేరు చూసి, హూ ఈజ్ దిస్ లేడీ మమ్మీ అని నవ్వుతూ ఉంటుంది.

ఇప్పుడు రోజులు మారిపోయాయి. నోరు తిరగని సంస్కృతం పేర్లు వెతికి వెతికి మరీ పెడుతున్నారు పిల్లలు, వాళ్ళ పిల్లలకి. బళ్ళల్లో టీచర్లు ఎలా పలకాలో అడిగి నేర్చుకుంటున్నారు. అయిదేళ్ళ పిడుగులు చెయ్యి నడుం మీద పెట్టుకుని, అలా కాదు మిస్, ఇలా, అని దిద్దుతున్నారు. తెలుగువాళ్ళం కలుసుకున్నప్పుడు నా ఈడు ఆడవాళ్ళు నిట్టూరుస్తారు, మన రోజుల్లో ఈ మర్యాద ఎక్కడిది వదినా, మన పేర్లన్నీ ఈ దేశం మింగేసింది కదా అని. నేనూ తల ఊపి, అవును వదినా, కాలం అలాంటిది అంటాను. మీకూ అదే చెప్పి ముగిస్తే ఎంతో బాగుండేది.

కానీ ఆ రోజుల్లోనూ అడిగారు. బడి తెరిచిన మొదటిరోజున మా అమ్మాయి టీచరు, జుట్టు నెరిసిన మనిషి, ఫారం మీద పూర్తి పేరు చూసి మోకాళ్ళ మీద కూర్చుంది. ఇది ఎంత అందమైన పేరు, నాకొకసారి మెల్లగా చెప్పండి అంది. నేను చెప్పకముందే తనంతట తను కూడబలుక్కుని, సుబ్బ, లక్ష్మి, అని దాదాపు సరిగ్గానే పలికింది. వద్దండీ, సూజీ చాలు అన్నాను. నిజంగానా, నేర్చుకోవడానికి నాకు ఏడాదంతా ఉందిగా, అని ఆవిడ నవ్వింది. సూజీయే అన్నాను, గట్టిగా. ఆ హాలండు ముసలావిడ వెనకాల తుపాకులు పట్టుకున్న మనుషులున్నారు. నా వెనకాల ఆ పొద్దున పూట ఎవరూ లేరు, బడి ఆవరణలో ఎండ, తల్లిదండ్రులు, పిల్లల సంచులు, అంతే. టీచరు మా అమ్మాయి వైపు చెయ్యి చాపి, ఇంకోసారి ఆ పేరుతోనే పిలిచింది. అది ఆవిడ వైపు తిరగబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.